నాలుగ్గంటలకు ఒంటబట్టిన బలం

నిర్మల్ బస్టాండు వెనక కిష్టవ్వ హోటల్లో కూర్చుని దశరథం ఇన్నేళ్ళుగా చెప్పిన ముచ్చట్లన్నీ ఒక బండికెత్తితే, ఆ బండి లాగడానికి మళ్ళీ దశరథమే రావాలి. ఆయన వస్తానంటాడు కూడా. ఒంటిచేత్తో లాగుతానంటాడు, రెండో చేతిలో చాయ్ గ్లాసు తొణకకుండా పట్టుకుంటానంటాడు. యాభై ఆరేళ్ళ మనిషి. పొద్దున బొమ్మలు చేసేవాళ్ళకు పొనికి కర్ర కోసి ఇస్తాడు, సాయంత్రం తన తాలీంలో ఎర్రమట్టి తవ్వి పిల్లలకు కుస్తీ నేర్పుతాడు, ఆ రెంటికీ నడుమ దొరికిన గంటన్నరలో కిష్టవ్వ బెంచీ మీద కూర్చుని తన గురించి తాను చెప్పుకుంటాడు. ఊరంతా ఉస్తాద్ అంటుంది. చెడ్డవాడు కాదు. ఉన్నది ఉన్నట్టు చెబితే విన్నవాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుందని ఆయన నమ్మకం, అంతే.

ఆ రోజు సాయంత్రం ఆయన వచ్చేసరికి తన బెంచీ మీద తన జాగాలో ఒక నల్లటి పెద్ద డబ్బా కూర్చుని ఉంది. దానికి ఇటు పక్క రంజిత్, అటు పక్క సృజన. రంజిత్ బస్టాండు ఎదుట రెండో అంతస్తులో జిమ్ నడుపుతాడు, అక్కడే బలం పొడులు, గోలీలు అమ్ముతాడు. సృజన దశరథం తమ్ముడి కూతురు. ఆ పిల్లకు పన్నెండేళ్ళప్పుడు దశరథమే చెయ్యి పట్టుకుని తాలీం మట్టిలోకి దింపాడు. ఆడపిల్లకు కుస్తీ ఏమిటని అడగవచ్చిన వాళ్ళందరినీ అదే నోటితో ఎదుర్కొన్నాడు, ఒక్కడూ రెండోసారి అడగలేదు. ఆ నోరు ఊరికి అంత ఉపకారం చేసిన సందర్భం అదొక్కటేనని కిష్టవ్వ ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు సృజనకు ఇరవై ఏళ్ళు. మరునాడు కరీంనగర్‌లో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు. ఈ ఏడాదితో జూనియర్ల వయసు దాటిపోతుంది కాబట్టి రేపు పోతే ఇక పోయినట్టే. పోయిన ఏడు ఇదే పోటీలో చివరి నిమిషం దాకా ముందుండి, ఆ నిమిషంలో ఊపిరి అందక, చేతుల్లో పట్టు సడలి, రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఏడాదంతా ఆ ఒక్క నిమిషమే ఆ పిల్లను తింటోంది. తనకు బలం లేకపోలేదు, ఆ నిమిషానికి అది చేతికి అందలేదు, అంతే తేడా అని ఆమె లెక్క. అందుకే వేళల గురించి ఎవరేం చెప్పినా చెవి ఒగ్గి వింటోంది, ఫోన్లో రాసుకుంటోంది.

రంజిత్ చెబుతున్నది కూడా వేళల గురించే. తినడం గొప్ప కాదు, తిన్నది ఒంటబట్టడం గొప్ప అన్నాడు. కసరత్తు ఆపిన అరగంటలోపు ప్రోటీన్ పొడి తాగాలట. క్రియాటిన్ అనేదాన్ని ఏదైనా తీపితో కలిపి తీసుకోవాలట. ఐరన్ గోలీ నిమ్మరసంతో మింగాలి గానీ పాలతో, చాయ్‌తో మింగితే మింగనట్టేనట. కాల్షియంనూ ఐరన్‌నూ ఒకే పూట లోపలికి పంపితే రెండూ వాకిట్లోనే కొట్టుకుంటాయట, కాబట్టి వాటి నడుమ ఎడం ఉండాలట. ఇక ఈ నల్లడబ్బాలో ఉన్నది కుస్తీకి సరిగ్గా నలభై నిమిషాల ముందు నీళ్ళలో కలుపుకుని తాగాలట. దశరథం నిలబడే అంతా విన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్లకు తను చెప్పిన మాటలు తక్కువేం కాదు, ఆమె వాటిలో ఒక్కటీ రాసుకోలేదు. ఆయనకు గుండెలో చురుక్కుమంది.

పైగా రంజిత్ డబ్బా జరిపి జాగా ఇస్తూ, చాలా మర్యాదగానే, ఒక మాటన్నాడు. "మీ రోజుల్ల గివన్ని ఏడున్నయ్ ఉస్తాద్. దొరికింది తినుడు, బరిలకు దిగుడు, అంతే కదా."

దశరథం కూర్చున్నాడు. చాయ్ అందుకున్నాడు. మీసం తుడుచుకున్నాడు. బెంచీ చివర ఎప్పుడూ కూర్చునే వాహెద్ ఆ తుడవడం చూసి, ఇక ఇప్పట్లో ఇంటికి పోయే పని లేదని అర్థమై, కాళ్ళు చాపుకున్నాడు. వాహెద్ ఒకప్పుడు ఉట్నూర్ దారిన జీపు తోలేవాడు. దశరథంతో కలిసి అదే తాలీంలో పెరిగిన మనిషి. మాట తక్కువ.

"మా రోజుల్ల ఏం లేకుండెనో నువ్వు నాకు చెప్తవా" అన్నాడు దశరథం. "గీ అరగంటలు, నలభై నిమిషాలు గిప్పుడు నీ డబ్బ మీద అచ్చయినయ్ రంజిత్. నేను తొంభై రెండులనే పెట్టిన్నయ్యా వేళలు. పెద్ద ముచ్చటేం కాదు. ఒక కుస్తీ, ఒక వెండి కడెం. ఇనెటట్టయితే చెప్త, లేకుంటే నీ డబ్బ నువ్వు చెప్పుకో."

వినకుండా తప్పించుకున్నవాడు ఇంతవరకు ఎవడూ లేడు కాబట్టి ఆయన జవాబు కోసం ఆగలేదు.

భైంసా దాటాక సరిహద్దు మీద ఒక ఊరుందన్నాడు. సగం మంది తెలుగు మాట్లాడతారు, సగం మంది మరాఠీ, కుస్తీ దగ్గరికొస్తే అందరిదీ ఒకటే భాష. అక్కడి జాతరలో పొద్దు తిరిగినప్పటి నుంచి కుస్తీలు పెడతారు. మొదట చిన్నపిల్లలవి. గెలిచిన పిల్లవాడికి కొబ్బరికాయ ఇస్తారు, అందుకే వాటిని కొబ్బరికాయ కుస్తీలంటారు. పొద్దు వాలేకొద్దీ పెద్దవాళ్ళు దిగుతారు, అన్నిటికన్నా చివర వెండి కడెం కుస్తీ, గెలిచినవాడి చేతికి ఆ కడెం తొడుగుతారు. దానికి దశరథం పేరిచ్చాడు. అవతల నాందేడ్ పహిల్వాను, వాడి మెడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చూసినవాళ్ళెవరూ చెప్పలేకపోయారు. తొంభై రెండులో ఆ జాతరకు వాహెద్ జీపులోనే పోయామని, కావాలంటే వాహెద్‌నే అడగమని దశరథం అన్నాడు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా అడగమనే అంటాడు. వాహెద్ ఎప్పటిలాగే గ్లాసులోకి చూశాడు.

"నాలుగ్గంటలకు కడెం కుస్తీ అన్నరు. అయితే నాకు బలం ఎన్ని గంటలకు కావాలె? నాలుగ్గంటలకు. మూడింటికి వస్తే వేస్టు, అయిదింటికి వస్తే అంతకంటే వేస్టు. తిన్నది ఒంటబట్టాలంటే మూడు గంటలు పడ్తది. అంటే నేను ఎప్పుడు తినాలె?"

"ఒంటిగంటకు" అంది సృజన.

ఆ మాట రంజిత్ అనలేదు, సృజన అంది. దశరథానికి ఒక్కసారిగా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇక ఆపేవాడెవరు?

ఏది దేనితో కలపాలో, దేన్ని దేనికి దూరంగా పెట్టాలో తనకు అప్పుడే తెలుసన్నాడు. ఉట్నూర్ నుంచి ఇప్పపువ్వు లడ్డూలు తెప్పించాడట, వాటిలో ఉన్నంత ఇనుము ఏ గోలీలో ఉంటుందన్నాడు. వాటి మీద నిమ్మకాయ పిండుకుని తిన్నాడట. నిమ్మకాయతో ఎందుకు తింటున్నావని జాతరలో జనం నవ్వారట, ఇవాళ రంజిత్ చెబుతున్నది అదే కదా. పాలకూ లడ్డూకూ పడదు కాబట్టి రెంటి నడుమ వేళ వదిలాడట. ఆ పాలు కూడా మేకపాలు. వాటిలో నానబెట్టి నూరిన బాదం. దాని మీద అరటిపండ్లు, బెల్లం. అన్నిటి మీదా కరగబెట్టిన నెయ్యి, అది లోపలున్న వాటన్నిటినీ చెయ్యి పట్టుకుని తీసుకుపోతుందట. వాహెద్ జీపులో గడియారం పది గంటల పది నిమిషాలకే సచ్చి ఉంది కాబట్టి, ఎడ్లబండి చక్రం నీడ చూసుకుంటూ ఒక్కొక్కటీ లోపలికి పంపాడట.

"నెయ్యి ఎంత, పెద్దబాపు?" అంది సృజన.

"పావుసేరు."

ఆమె రాసుకుంది. రంజిత్ చెప్పినదంతా పైకి జరిగిపోయింది, కింద దశరథం చెప్పింది పడుతోంది. ఆ వేలు అక్షరాల మీద చకచకా కదలడం దశరథం కళ్ళారా చూశాడు. ఎనిమిదేళ్ళకు ఆయన మాట రాతకెక్కింది. అంత సంతోషంలోనూ కడుపులో ఎక్కడో చిన్నగా కదిలింది. ఆ పావుసేరు నెయ్యి సంగతి ఆ కడుపుకు బాగా తెలుసు. కానీ రంజిత్ ఎదుట కూర్చుని చూస్తున్నాడు, ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇక ఈ బెంచీ మీద కూర్చోవడం దండగ. తిండి సంగతి దాటించి బలం సంగతిలోకి పోతే పిల్ల రాయడం ఆపుతుందని ఆయన గబగబా ముందుకు పోయాడు.

"సరే, తిన్న. నీడ చూస్కుంట కూసున్న. సరిగ్గ నాలుగ్గంటలకు, ఒక్క నిమిషం అటు గాదు ఇటు గాదు, అరికాళ్ళల్ల జివ్వుమన్నది. పిక్కలకొచ్చింది, నడుముకొచ్చింది, భుజాలకొచ్చి నిలవడ్డది. బలమొచ్చింది. మరి కుస్తీ ఏడున్నది? ఇంకా కొబ్బరికాయలే నడుస్తున్నయ్. గా ఊర్లె ఎంతమంది పిలగాండ్లున్నరో, ఒకడు గెలుస్తడు, కాయ పట్టుకపోతడు, వాని తమ్ముడొస్తడు. పిలగాండ్లు ఉన్నంతసేపు ఆపొద్దని కట్టుబాటు. గంటైంది, గంటన్నరైంది. నా బలమేమో వచ్చి నిలవడ్డది. దాన్ని కూసో అంటే కూసుంటదా? ఇగ ఏం చేసిననో ఎరుకేనా?"

"ఏం చేసినవయ్యా" అంది కిష్టవ్వ, అడగకపోతే చెప్పకుండా ఉంటాడా అన్న మొహంతో.

పక్కనే చెరుకురసం గానుగ ఉందట. ఎద్దు అలసిపోయి పడుకుంది. పాపమని దశరథం తానే కాడి భుజాన వేసుకుని తిరిగాడు, ఊరికే, కాస్త బలం దించుకుందామని. బండెడు చెరుకు అయిపోయింది. గానుగవాడు ఇంకో బండి తెచ్చాడు, అదీ అయిపోయింది. రసం పట్టడానికి జాతరలో గిన్నెలు చాలలేదు, చివరికి జనం తలపాగాలు పరిచారు. అయినా బలం దిగలేదు. ఇంకా కొబ్బరికాయలే.

"అరటిపండ్లు ఎన్ని తిన్నవు?" అంది సృజన.

దశరథం ఉలిక్కిపడ్డాడు. గానుగ దగ్గర ఆగి ఉంటుందనుకున్న పిల్ల ఇంకా ఒంటిగంట దగ్గరే ఉంది. తిన్నది ఆరు. ఆరు అంటే ఆరూ తింటుంది. నమ్మలేనంత చెబితే మానేస్తుందని, ఆయనకు తెలిసిన ఒకే ఒక్క దారిలో పోయాడు.

"పద్దెనిమిది" అన్నాడు.

రాసుకుంది. పద్దెనిమిది.

 ఆయన జీవితంలో ఎప్పుడూ తన మాట ఎవరైనా నమ్మరేమోనని భయపడలేదు. నమ్ముతారేమోనన్న భయం ఇదే మొదటిసారి. ఇంకా పెంచాడు. మేకపాలు ఒక చెంబు కాదు, మూడు మేకలవి అన్నాడు. లడ్డూలు నలభై అన్నాడు. ఆమె తల ఎత్తకుండా రాస్తూనే ఉంది. సరే, కథే నమ్మలేనంత పెద్దదైతే తిండి కూడా దానితో పాటు కొట్టుకుపోతుంది కదా అని, ఉన్న బలమంతా కథ మీద పెట్టాడు.

"గప్పుడే మహారాష్ట్ర బస్సు వచ్చింది. టైమెంతయిందో డ్రైవర్ను అడుగుదామని చెయ్యి అడ్డం పెట్టిన, ఆపమని, అంతే. నేను నూకలే. ఉత్తగ చెయ్యి పెట్టిన. బస్సు ఎనుకకు పోయింది. ముప్పై మంది టికెట్ కొనుక్కొని ఇటు వస్తున్నోళ్ళు, కూసున్నోళ్ళు కూసున్నట్టే వాపస్ నాందేడ్ పోయిండ్రు. కండక్టర్ కిటికీల కెల్లి దండం పెట్టుకుంట పోయిండు. అయినా బలం దిగుతలేదు. ఇగ జరసేపు ఒరుగుదామని బాసర కాడ రైలు పట్టాల పక్క కూసోని, నిలవడ్డ బొగ్గుబండికి వీపు ఆనిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అది పెద్దపల్లికి పోయింది" అన్నాడు రంజిత్.

"నువ్వేడ చూసినవ్" అన్నాడు దశరథం, ఏమాత్రం తడబడకుండా. "పెద్దపల్లి దాటిపోయింది. ఇంజను ఇంకా బాసర్లనే ఉన్నది."

హోటల్లో నవ్వు లేచింది. దశరథం ఒక్కరి నవ్వు కోసమే చూశాడు. సృజన కూడా చిన్నగా నవ్వింది. అమ్మయ్య అనుకున్నాడు. నవ్వింది కానీ ఫోను జేబులో పెట్టలేదు.

ఇక మిగిలింది గోదావరి. ఒళ్ళు చల్లబరుచుకుందామని నదిలో మెడ వరకు కూర్చున్నాడట. ముందు ఆవిరి లేచింది. తర్వాత బుడగలు. ఆ ఒడ్డునున్న జాలరులు వల పక్కన పెట్టి ఉప్పూ కారం తెచ్చుకున్నారు, చేపలన్నీ ఉడికినవే తేలాయి. ఆ చల్లార్పుతో సగం బలం దిగిపోయింది గనుక సరిపోయింది, పూర్తి బలంతో పోయి ఉంటే ఒక ప్రాణం పోయేదన్నాడు. అప్పటికి కొబ్బరికాయలు అయిపోయాయి. డప్పు మోగింది. బరిలోకి దిగాడు. పద్ధతి ప్రకారం ముందు చెయ్యి కలపాలి కదా, నాందేడ్ పహిల్వాను చేతిలో చెయ్యి పెట్టి మర్యాదగా ఒక్కసారి ఊపాడు. వాడు లేచాడు. జొన్నచేన్ల మీదుగా, చింతచెట్ల మీదుగా పోయి నాందేడ్‌లో దిగాడు. బస్సు ఇంకా రాలేదు, వాడే ముందు చేరాడు.

"కడెం నా చేతికేసిండ్రు" అని ముగించాడు దశరథం. ఆ కడెం ఏదని రంజిత్ అడిగితే తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ గోదావరిలో స్నానం చేస్తుంటే జారిపోయిందన్నాడు. వెతకలేదా అంటే, గెలిచినవాడు వెతుక్కోడు అన్నాడు. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే రంజిత్ తన డబ్బాను కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.  గెలుపు దశరథానిదే.

సృజన లేచి నిలబడింది.

"ఏడింటికే మన బస్సు. పోయేముందర నెయ్యి, బాదం కొంట పెద్దబాపు, దుకాణం కట్టేస్తరు. ఇప్పపువ్వు లడ్డు బస్టాండుల దొరుకుతది. రేపు బరువు పొద్దుగాలనే చూస్తరు. కుస్తీ పదకొండింటికి అన్నరు. మూడు గంటల ముందర, ఎనిమిదింటికి తింట. నలభై లడ్లు నావల్ల కాదు, పది తింట. అరటిపండ్లు ఆరు. నెయ్యి మాత్రం నువ్వు చెప్పినంత." ఆమె రంజిత్ వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దని, డబ్బా వద్దని చెప్పింది. మా ఉస్తాద్ చెప్పినట్టే పోతానంది.

ఇన్నేళ్ళుగా దశరథం ఆ మాట కోసమే బతికాడు. ఇప్పుడు అది వినిపించింది, అదీ రంజిత్ ఎదుట, అదీ హోటలంతా వింటుండగా. లేచి మీసం తిప్పాల్సిన సమయం. ఆయన లేవలేకపోయాడు. ఆరు అరటిపండ్లు, పావుసేరు నెయ్యి. జాతర నాడు ఆయన నిజంగా తిన్న లెక్కకే ఆ పిల్ల తనంతట తాను వచ్చి నిలబడింది. పదకొండింటికి అని చెప్పిన కుస్తీ పదకొండింటికి ఎక్కడ జరుగుతుంది? వద్దు బిడ్డా అందామని నోరు తెరిచాడు. ఎందుకు వద్దు అంటే చెప్పాలి. రంజిత్ చూస్తున్నాడు. నెయ్యి మంచిది కొనమని మాత్రం నోటి నుంచి వచ్చింది. అన్నాక ఆయనకే తన మీద అసహ్యం వేసింది.

వాహెద్ గ్లాసు కింద పెట్టాడు.

"నెయ్యి కొనకు బేటీ" అన్నాడు.

అందరూ అటు తిరిగారు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ కథలో సాక్షిగా ఉన్న మనిషి నోరు విప్పడం ఇదే మొదలు.

"గా దినం మీ పెద్దబాపు కుస్తీ పట్టలే. నాలుగ్గంటలకు వచ్చింది బలం గాదు. కడుపుల గడబిడ. కొబ్బరికాయలు నడుస్తనే ఉన్నయ్, ఈయన జొన్నచేన్లకు పోతనే ఉన్నడు. పొద్దుగూకంగ డప్పు కొట్టి పేరు పిలిచిండ్రు, మూడుసార్లు పిలిచిండ్రు. నేను చేను గట్టు మీద చెంబు పట్టుకొని నిలవడ్డ. ఈయన లోపటున్నడు. నాందేడోడు ఒక్కడే బరిల చెయ్యెత్తి నిలవడితే కడెం వానికిచ్చిండ్రు. వాపస్ వచ్చేటప్పుడు పదకొండు జాగల జీపు ఆపిన." వాహెద్ దశరథం వైపు చూడలేదు. "నీ ముచ్చట నువ్వు ఎన్నిసార్లన్న చెప్పుకో, దశరథం. నేను ఎప్పుడన్న అడ్డమొచ్చిన్నా? రేపు పోయేది పిల్ల."

పొయ్యి మీద పాలు పొంగుతున్నా కిష్టవ్వ చూడలేదు. రంజిత్‌కు నవ్వు వచ్చినట్టుంది గానీ దశరథం మొహం చూసి మింగేశాడు. దశరథానికి ముందు కోపం వచ్చింది. వాహెద్‌కు మతి తప్పిందనవచ్చు. అది ఇంకో జాతర, ఇంకో ఏడు అనవచ్చు. ఇంతకన్నా పెద్ద వాటినే ఈ బెంచీ మీద నిలబెట్టాడు, దీన్ని నిలబెట్టడం ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా.

"నిజమేనా?" అంది సృజన. ఆమె గొంతులో కోపం లేదు. "బస్సు ఎనుకకు పోయిందంటే నేను నమ్మలే పెద్దబాపు. రైలు నమ్మలే. తిండి మాత్రం నమ్మిన. గది నువ్వు నాకు చెప్తున్నవనుకున్న."

ఇన్నేళ్ళ కుస్తీలో ఎవరూ ఆయన్ను అంత తేలిగ్గా వెల్లకిలా పడేయలేదు. నోటిదాకా వచ్చిన అబద్ధం అక్కడే ఆగిపోయింది.

"నిజమే" అన్నాడు.

అని ఊరుకుంటే ఆయన దశరథం ఎందుకవుతాడు? చప్పున లేచి నిలబడ్డాడు. లేచింది సృజన మీదికి కాదు, రంజిత్ మీదికి.

"నవ్వేది ఉంటే నవ్వు. ఓడిన. కానీ ఎందుకు ఓడిన్నో గిది రాసుకో. బాదం చెడ్డదా? గాదు. నెయ్యి చెడ్డదా? గాదు. గా దినం దాక నేను దినాం తిన్నది జొన్నరొట్టె, పప్పు. బాదం మొహం చూడలే. కుస్తీ దినమే లోకంల ఉన్న బలమంత తెచ్చి ఒక్క పూటల కడుపుల పోసిన. కడుపు భయపడ్డది. కుస్తీ దినం కడుపుకు కొత్తది చూపియ్యొద్దు. అది నా నెయ్యి గానీ, నీ డబ్బ గానీ. వారం ముందుగాల తెచ్చినవా డబ్బ? నెల ముందుగాల తెచ్చినవా? ఇయ్యాల తెచ్చి రేపు తాగమంటవు. నేను చేసిన తప్పే నువ్వు ఇంగ్లీషుల చేస్తున్నవు, అంతే."

రంజిత్ ఏదో అనబోయి డబ్బా వైపు చూశాడు. వారం ముందే తేవాల్సింది ఉస్తాద్, మీరన్నది నిజమే అని మెల్లగా ఒప్పుకుని దాన్ని బెంచీ కిందికి దించాడు. గెలిచానన్నప్పుడు పుట్టని మర్యాద ఓడానన్నాక పుట్టింది. దశరథం దాన్ని గమనించాడు గానీ ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

సృజన మళ్ళీ కూర్చుంది. మరి రేపు ఏం తినాలని అడిగింది. దినాం తినేదే తినమన్నాడు. రెండు రొట్టెలు, రెండు గుడ్లు, అంతే. పదకొండన్నది ఒంటిగంట అవుతుంది, రెండు కూడా అవుతుంది, కాబట్టి ఒక్కసారే తిని కూర్చోవద్దన్నాడు. రోజూ తాలీం దగ్గర తినే పల్లిపట్టీలే సంచిలో పెట్టుకుని, పిలుపు వచ్చేదాకా కొంచెం కొంచెంగా నములుతూ, గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగుతూ ఉండమన్నాడు. పోయినేడు చివరి నిమిషంలో ఊపిరి అందకపోవడానికి కారణం తిండి కాదని, మొదటి మూడు నిమిషాల్లోనే కోపంతో ఉన్నదంతా ఖర్చు పెట్టేసిందని కూడా చెప్పాడు. ఆ మాట ఏడాదిగా ఆయన లోపలే ఉంది. పిల్ల బాధపడుతుందని చెప్పలేదు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, వాహెద్ తల ఊపుతూ విన్నాడు. సృజన ఫోన్లో పైనున్నదంతా చెరిపేసి ఇది రాసుకుంది.

హోటల్ అంతా మెత్తబడింది. కిష్టవ్వ అడగకుండానే దశరథానికి ఇంకో చాయ్ ఇచ్చింది. ఆ నిశ్శబ్దం, అందరూ తన వైపే చూడడం, చేతిలో వేడి గ్లాసు. ఇవి మూడూ ఒక్కచోట కలిస్తే దశరథం తట్టుకోలేడు.

"అయినా ఒక్కటి చెప్త" అన్నాడు, మీసం తుడుచుకుని. "నా లెక్క ఓడినోడు గీ జిల్లాల ఇంకోడు లేడు. ఊకె ఓడుడు గాదది. మరుసటేడు గా జొన్నచేను ఎట్ల పండిందో ఎరుకేనా? ఒక్కొక్క కంకి గింత లావు. కోయనీకి కొడవండ్లు సరిపోలే, గొడ్డండ్లు తెచ్చిండ్రు. గా రైతు మూడేండ్లు నా కోసం తిరిగిండు, మల్ల ఒక్కసారి రమ్మని..."

కిష్టవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంజిత్ ఈసారి ఆపుకోలేక నవ్వాడు, వాహెద్ కూడా నవ్వాడు.

సృజన నవ్వలేదు. సంచి భుజానికి వేసుకుంది. "నడువు పెద్దబాపు, బస్సుకు టైమైతుంది. రేపు నా పక్కన నువ్వే నిలవడాలె. కానీ గీడికి వాపస్ వచ్చినంక, నేను గెలిస్తే గెలిచిందని చెప్పు. ఓడితే ఓడిందని చెప్పు. నడుమ ఏం కలుపకు."

దశరథం గ్లాసు కింద పెట్టాడు.

"సరే బిడ్డా" అన్నాడు. కాసేపు పెదాలు కదిలాయి గానీ, ఆ మాటకు ఇంకేమీ కలపలేదు.